ఫైలు కనబడుటలేదు

మన పరిపాలనలో ఎంతోమంది జీవితాలను తారుమారు చేసిన వాక్యాలలో ఒకటి చాలా చిన్నది. 'సదరు ఫైలు కనబడుటలేదు.' పహాణీ నకలు అడిగిన రైతుకూ, సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టుకున్న పౌరునికీ, సభలో ప్రశ్న వేసిన ప్రజాప్రతినిధికీ ఒక్కోసారి అందే జవాబు ఇదే. బొగ్గు గనుల కేటాయింపులకు సంబంధించిన కొన్ని ఫైళ్లు కనిపించడం లేదని తెలిసి 2013లో పార్లమెంటు అట్టుడికింది. రఫేల్ పత్రాలు రక్షణ శాఖ నుంచి చోరీకి గురయ్యాయని 2019 మార్చి 6న అటార్నీ జనరల్ సాక్షాత్తూ సుప్రీంకోర్టులోనే చెప్పారు. రెండు రోజుల తరువాత, పోయినవి అసలు ప్రతులు కావని, పిటిషనర్లు వాడినవి ఫొటోకాపీలని వివరణ వచ్చింది. ఆ నకళ్లను పరిశీలించవచ్చునని ఏప్రిల్ 10న కోర్టు తేల్చింది. నకలు బయట ఉన్నందువల్లే ఆ వాదనకు ఆస్కారం మిగిలింది.

తెలుగు నేల కూడా ఈ విషయంలో వెనుకబడలేదు. 2024 జూలై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టర్ కార్యాలయంలో నిప్పు రేగి భూముల రికార్డులు కాలిపోయాయి. అంతకు కొన్ని నెలల ముందు, 2023 డిసెంబరులో, తెలంగాణలో ప్రభుత్వం మారుతున్న వేళ స్పెషల్ ఇంటెలిజెన్స్ బ్యూరోలోని హార్డ్ డిస్కులను ధ్వంసం చేసి మూసీలో పారవేశారన్న ఆరోపణ మీద పోలీసు అధికారులే అరెస్టయ్యారు. పాత కాలపు అధికారం కాగితాన్ని తగలబెట్టేది. కొత్త కాలపు అధికారం డిస్కును కోస్తున్నదన్నమాట.

ఈ ఉదంతాలను ఇన్నేళ్లుగా బయటి నుంచి రాస్తూ వచ్చాను. కిందటి వేసవిలో అదే వాక్యం నేను ఒక మనిషికి చెప్పవలసిన స్థితి దాదాపుగా వచ్చింది. ఆ సంగతి చెప్పాలనే ఈ వ్యాసం.

మా చిన్న కార్యాలయంలో నాలుగు డిస్కుల నెట్‌వర్క్ స్టోరేజీ పెట్టె ఒకటి ఉంది. ఇరవై ఏళ్ల ఎన్నికల పర్యటనలు, ఇంటర్వ్యూలు, బహిరంగ విచారణల ధ్వనిముద్రణలు, వీడియోలు అందులో ఉన్నాయి. రాతప్రతులు, ఆర్టీఐ జవాబుల స్కాన్లు వేరే చోట భద్రంగా ఉన్నాయి. ధ్వనిముద్రణలకు రెండో ప్రతి పాత సంవత్సరాల నుంచి వరుసగా తయారవుతూ 2013 దాకా వచ్చింది. ఢిల్లీలో మే నెల ఎండకు కరెంటు పోతూ వస్తూ ఉన్న ఒక రాత్రి ఆ పెట్టెలోని పవర్ సప్లై కాలిపోయింది. దాన్ని మార్చి చూస్తే రెండో డిస్కు చనిపోయి ఉంది. దాని స్థానంలో కొత్త డిస్కు పెట్టగా, పునర్నిర్మాణం సగం దాటిన తరువాత మూడో డిస్కు మొరాయించింది. తెర మీద 'వాల్యూమ్ క్రాష్ అయినది' అన్న ఎర్ర అక్షరాలు వెలిశాయి.

ఇటువంటి పెట్టెలు ఎలా పనిచేస్తాయో కొంచెం చెప్పాలి. తరువాతి కథంతా దాని మీదే ఆధారపడి ఉంది. 1988లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ శాఖకు చెందిన ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అనే ముగ్గురు ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. ఖరీదైన ఒకే పెద్ద డిస్కుకు బదులు చౌకవైన చిన్న డిస్కులను కొన్నింటిని జతకట్టి, వాటిలో ఒకటి పోయినా సమాచారం పోకుండా చూడవచ్చునన్నది అందులోని ప్రతిపాదన. దాన్నే రెయిడ్ అంటున్నాం. మా పెట్టెలో ఉన్నది ఐదో రకం. మూడు డిస్కుల మీద సమాచారం ముక్కలు రాసి, నాలుగోదాని మీద ఆ మూడింటి సారాంశం వంటి ఒక లెక్క రాస్తారు. దాని పేరు పారిటీ. 5, 8, 4 అనే మూడు అంకెలు, వాటి మొత్తం 17 వేర్వేరు చోట్ల ఉన్నాయనుకుందాం. 8 పోయినా, 17 నుంచి 5, 4 తీసేస్తే అది తిరిగి వస్తుంది. యంత్రం చేసేది సరిగ్గా కూడిక కాదుగానీ సూత్రం అదే. ఈ లెక్క రాసే బాధ్యత ఒక్క డిస్కుదే కాకుండా నాలుగింటి మధ్య వంతులవారీగా తిరుగుతుంది.

ఒకటి పోతే మిగతా మూడూ కలిసి దాన్ని నిలబెడతాయి. రెండు పోతే లెక్క తెగదు. ఇబ్బంది ఎక్కడంటే, పోయిన డిస్కును తిరిగి నిర్మించాలంటే మిగిలిన మూడింటినీ మొదటి నుంచి చివరిదాకా ఒక్క అంగుళం వదలకుండా చదవాలి. ఏళ్ల తరబడి ఎవరూ తాకని మూలలు కూడా ఆ రోజున కదులుతాయి. ఒకే రోజు కొన్న, ఒకే వేడిని భరించిన, ఒకే వయసు డిస్కులలో రెండోది కూలేది తరచుగా అప్పుడే. మామూలు డిస్కులకు తయారీదారులు ఇచ్చే హామీయే 10 లక్షల కోట్ల బిట్లకు పదింతలు, అంటే సుమారు 12.5 టెరాబైట్లు చదివితే ఒక పొరపాటుకు మించదని. సంక్షోభ సమయంలోనే వ్యవస్థ మీద గరిష్ఠ భారం పడుతుందన్న మాట రాజకీయ విలేకరికి కొత్తేమీ కాదు.

ఆ వారంలోనే గోదావరి వైపు నుంచి ఫోను వచ్చింది. నది మీది ప్రాజెక్టు కోసం ఖాళీ అయిన ఒక ముంపు గ్రామపు పెద్ద ఆయన. ఇప్పుడు పునరావాస కాలనీలో ఉంటున్నారు.

"బాబూ, ఆనాడు మా ఊళ్లో మీటింగు పెట్టినప్పుడు మీరు రికార్డు చేశారు కదండీ. పోడు భూమికి పట్టా రాకపోయినా లెక్కలో కలుపుతామని ఆఫీసరుగారు మైకులో చెప్పారు. ఇప్పుడున్న సారు అలాంటి మాట ఎవరూ అనలేదంటున్నారు. మినిట్సు బుక్కు అడిగితే కనపడటం లేదంట. మీ టేపులో ఉంటది కదండీ?"

"ఉండాలి పెద్దాయనా. నాలుగు రోజులు టైమివ్వండి," అన్నాను.

ఆ సమావేశం జరిగింది 2015లో. నలభై చిల్లర కుటుంబాల పోడు భూమి సంగతి అది. అటవీ హక్కుల చట్టం 2006లోనే వచ్చినా వారి దరఖాస్తులు తేలలేదు. 2013 భూసేకరణ చట్టం రెండో షెడ్యూలు ప్రకారం సాగునీటి ప్రాజెక్టు కింద భూమి కోల్పోయిన ఆదివాసీకి భూమికి బదులు భూమి ఇవ్వాలి. పోయినంత, లేదా రెండున్నర ఎకరాలు, ఏది తక్కువైతే అది. అయితే పోయినదాన్ని 'భూమి'గా లెక్కించాలా వద్దా అన్న చోటే మెలిక. అందుకు సమాధానం ఒక అధికారి నోటి నుంచి, మూడు వందల మంది ఎదుట, మైకులో వచ్చింది. రాతలో అది ఎక్కడా మిగలలేదు. ధ్వనిలో మిగిలి ఉంటే మూడో డిస్కు మీద మిగిలి ఉండాలి.

పెట్టె తయారుచేసిన కంపెనీ సేవాకేంద్రం మర్యాదగానే మాట్లాడింది. వారంటీ పరికరానికే గానీ అందులోని సమాచారానికి వర్తించదని, కావాలంటే పెట్టెను 'ఇనిషియలైజ్' చేసి ఇస్తామని అన్నది. అంటే చెరిపేసి కొత్తదానిలా తిరిగి ఇస్తామని. డిస్కుల నుంచి సమాచారం వెలికితీసే మరో సంస్థ లక్షన్నర రూపాయలు అడిగింది, ఫలితానికి హామీ లేకుండా. చివరికి నెహ్రూ ప్లేస్‌లో ఒక ఇరుకు మెట్ల పైన, అరడజను కంప్యూటర్ల మధ్య కూర్చునే ఒక యువకుని దగ్గరకు చేరాను. అతను పెట్టిన మొదటి షరతు నాకు నచ్చింది. అసలు డిస్కుల మీద ఎవరూ ఏమీ చేయకూడదు. వాటిని తిరిగి ఆ పెట్టెలో పెట్టి స్విచ్ వేయకూడదు. 'రిపేర్' అన్న బొత్తాన్ని అసలే నొక్కకూడదు. బాగుచేస్తానంటూ యంత్రం రాసే ప్రతి అక్షరమూ పాత అక్షరాన్ని తొక్కేయవచ్చు. ముందు ప్రతి డిస్కు మీదా అది ఏ అరలోనిదో అంకె వేయాలి. తరువాత ఒక్కోదానికీ పూర్తి నకలు తీసి, పనంతా నకలు మీదే చేయాలి.

నకలు తీయడానికి అతను వాడింది డీడీరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రాము. దాని పద్ధతి ఓర్పుగల విలేకరి పద్ధతి. చెడిపోయిన చోటు తగిలితే అక్కడే భీష్మించుకు కూర్చోదు. దాన్ని ఒక చిట్టాలో రాసుకుని ముందుకు పోతుంది, దొరికేదంతా ముందు దొరకబుచ్చుకుంటుంది, ఆ తరువాత వెనక్కి వచ్చి కష్టమైన చోట్లను చిన్న చిన్న ముక్కలుగా, మళ్లీ మళ్లీ అడుగుతుంది. మూడో డిస్కుకు ఐదు రోజులు పట్టింది. చివరికి మిగిలిన ఖాళీలు కొన్ని మెగాబైట్లు మాత్రమే. ఇటువంటి పెట్టెలలో చాలావాటి లోపల నడిచేది లినక్సే. కనుక ఒకటి, మూడు, నాలుగు డిస్కుల నకళ్లను మామూలు లినక్సు కంప్యూటరులో ఎండీఅడ్మిన్ అనే సాధనంతో, రాతకు వీలులేకుండా చదవడానికి మాత్రమే తెరిచి, జతకట్టాడు. నాలుగు కాళ్ల మంచం మూడు కాళ్ల మీద నిలబడింది. సంవత్సరాల పేర్లు గల ఫోల్డర్లు ఒక్కొక్కటే తెర మీదకు వచ్చాయి. 2014 ఉంది. 2016 ఉంది. 2015 ఫోల్డరు తెరిస్తే ఖాళీ.

పోయినవి కొన్ని మెగాబైట్లే. కానీ అవి పోయిన చోటు కీలకమైనది. ఏ ఫైలు పేరేమిటి, ఏ తేదీది, డిస్కు మీద ఎక్కడ ఉన్నదన్న వివరాలు ఒక పట్టికలో ఉంటాయి. ఆ పట్టికలో ఒక భాగం చెరిగిపోయింది. పుస్తకాలు బీరువాల్లోనే ఉన్నాయి, గ్రంథాలయపు కేటలాగు చిరిగింది. ఆ స్థితిలో చేయగలిగింది ఒక్కటే. డిస్కునంతా వరుసగా తడుముతూ, ఆకారాన్ని బట్టి ఫైళ్లను గుర్తుపట్టడం. ఫోటోరెక్ అనే మరో ఉచిత ప్రోగ్రాము ఈ పని చేస్తుంది. ఎంపీ3 ధ్వని చిన్న చిన్న ఫ్రేములుగా ఉంటుంది. ప్రతి ఫ్రేముకూ తనదైన శీర్షం ఉంటుంది. కాబట్టి మొదలు తెగిపోయినా మధ్య నుంచి పట్టుకోవచ్చు. అలా దొరికినవి వేల ఫైళ్లు. వేటికీ పేరు లేదు, తేదీ లేదు, అంకెలే.

వాటిని వినడానికి పదకొండు రాత్రులు పట్టింది. ఇప్పుడు లేని నాయకుల గొంతులు, పార్టీ మారిన వారి పాత శపథాలు, ఒక ధాబాలో ప్లేట్ల చప్పుడు, ఎవరిదో బిడ్డ ఏడుపు. పన్నెండో రోజు తెల్లవారుజామున మైకు కీచుమన్న శబ్దం, ఆ వెనుకే అధికారి గొంతు వినిపించాయి. పోడు మాట స్పష్టంగా ఉంది. పట్టా లేకున్నా సాగులో ఉన్నదాన్ని లెక్కలో కలుపుతామన్న హామీ ఉంది, చప్పట్లు కూడా ఉన్నాయి. లేనివి మొదటి పదకొండు నిమిషాలు. అధికారి తన పేరు, హోదా, తేదీ చెప్పుకున్నది ఆ నిమిషాలలోనే.

వార్త రాయడానికి ఆ ముక్క చాలు. సాక్ష్యానికి చాలదు. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ధ్రువపత్రం తప్పనిసరి అని అర్జున్ పండిత్‌రావు ఖోట్కర్ కేసులో 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షను ప్రకారం ఆ ధ్రువపత్రంలో హ్యాష్ విలువ కూడా చూపాలి. హ్యాష్ అంటే ఫైలు వేలిముద్ర. ఒక్క అక్షరం మారినా అది మొత్తంగా మారిపోతుంది. ఇప్పటి నుంచి ఈ ఫైలు మారలేదని అది రుజువు చేయగలదు. ఇది ఏ రోజుది, ఎవరి గొంతు అన్నది మాత్రం అది చెప్పదు. పేరూ తేదీ లేని పదేళ్ల నాటి గొంతును ఏ అధికారి అయినా 'నాది కాదు' అనగలడు.

ఉన్న సంగతి ఉన్నట్టు పెద్దాయనకు ఫోనులో చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తరువాత అన్నారు: "మొదట్లోది మా మాస్టారి ఫోనులో కొంచెం ఉందంటండీ. మెమరీ కార్డు దాచారంట. అడిగి చూస్తాను."

ఆ ఊరి బడిలో అప్పట్లో పనిచేసిన ఉపాధ్యాయుడు సమావేశం మొదలైనప్పుడు ఫోను తీసి వీడియో పట్టారు. పద్నాలుగు నిమిషాలకు కార్డు నిండిపోయి ఆగింది. అందులో అధికారి లేచి తన పేరు, హోదా చెబుతున్నాడు. వెనుక తేదీతో సహా బ్యానరు ఉంది. అది పద్నాలుగో నిమిషం దాకా వెళుతుంది, నాది పదకొండో నిమిషం నుంచి మొదలవుతుంది. మధ్యనున్న మూడు నిమిషాలు రెండింటిలోనూ ఒకటే. అదే దగ్గు, అదే కీచుమన్న మైకు, అవే మాటలు. మాస్టారి దగ్గర ఆ హామీ లేదు. నా దగ్గర ఆ మనిషి లేడు. రెండూ పక్కపక్కన పెడితే తేదీ, మనిషి, మాట మూడూ నిలబడ్డాయి. బర్క్‌లీ శాస్త్రవేత్తల లెక్క నా పెట్టెలో విఫలమై, ఆ ఊరి మనుషుల మధ్య పనిచేసింది.

తెలుగువారికి ఈ పద్ధతి పరాయిది కాదు. సి.పి. బ్రౌన్ వేమన పద్యాలను పుస్తకంగా తెచ్చింది ఏదో ఒక్క నిర్దుష్టమైన తాళపత్ర ప్రతి దొరికినందువల్ల కాదు. ఊరూరి నుంచి తప్పులతడక ప్రతులను తెప్పించి, పండితుల చేత వాటిని పక్కపక్కన పెట్టి పోల్పించినందువల్ల. చెదలు ఒక్కో ప్రతిలో ఒక్కో చోట తింటుంది. అన్ని ప్రతులలోనూ ఒకే చోట తినదు. ప్రతులు ఒకే బీరువాలో ఉంటే తప్ప.

ఆ 'తప్ప' దగ్గరే రాజకీయం మొదలవుతుంది. 2025 సెప్టెంబరులో దక్షిణ కొరియాలోని డేజన్‌లో ప్రభుత్వ డేటా కేంద్రం తగలబడింది. ఉద్యోగులు పని పత్రాలు దాచుకునే వ్యవస్థలో 858 టెరాబైట్ల సమాచారం రెండో ప్రతి లేక పోయింది. సాంకేతికతలో మనం ఆదర్శంగా చెప్పుకునే దేశమది. అదే నెలలో ఖాట్మండూలో ఆందోళనల మధ్య సుప్రీంకోర్టు కాలిపోయి కేసుల ఫైళ్లు బూడిదయ్యాయి. 1981లో జాఫ్నా గ్రంథాలయాన్ని తగలబెట్టినప్పుడు సుమారు 97 వేల గ్రంథాలు పోయాయి. మరో ప్రతి లేని తాళపత్రాలు వాటిలో ఉన్నాయి. ప్రమాదమైనా, ఆగ్రహమైనా, పథకం ప్రకారమైనా ఫలితం ఒకటే. ఒకే చోట ఉన్న జ్ఞాపకాన్ని అంతం చేయడానికి ఒక రాత్రి చాలు.

జ్ఞాపకాన్ని చట్టబద్ధంగా అంతం చేసే దారులూ ఉన్నాయి. పోలింగ్ కేంద్రాల సీసీటీవీ దృశ్యాల వంటి ఎలక్ట్రానిక్ పత్రాలు సామాన్యుల పరిశీలనకు అందకుండా 2024 డిసెంబరులో ఎన్నికల నిర్వహణ నియమాల 93వ నిబంధనను కేంద్రం సవరించింది. పిటిషను పడకపోతే 45 రోజుల తరువాత ఆ దృశ్యాలను తొలగించవచ్చునని 2025 మేలో ఎన్నికల సంఘం రాష్ట్రాల ఎన్నికల అధికారులకు చెప్పింది. ఎన్నికల పిటిషనుకు గడువూ 45 రోజులే కాబట్టి ఇది సహేతుకమేనన్నది సంఘం వాదన. నా అభ్యంతరం అక్కడే. దృశ్యాలు చూడనివ్వకుండా పిటిషను వేయమంటే ఆధారం ఎక్కడి నుంచి వస్తుంది? పిటిషను లేనందున ఆధారాన్ని చెరిపేస్తే ఆ తరువాత ఎవరు దేన్ని పోల్చి చూడగలరు? ప్రభుత్వ రికార్డులను అక్రమంగా ధ్వంసం చేస్తే ఐదేళ్ల దాకా జైలు అని 1993 నాటి పబ్లిక్ రికార్డ్స్ చట్టం అంటున్నది. సక్రమంగా ధ్వంసం చేయడానికి మాత్రం శిక్ష లేదు.

ముక్కలను కలపనివ్వకపోవడం ఇంకో దారి. ఎన్నికల బాండ్లు కొన్నవారి వివరాలు ఒకచోట, నగదుగా మార్చుకున్న పార్టీల వివరాలు మరోచోట ఉన్నాయని, రెండింటినీ జతచేయడానికి 2024 జూన్ 30 దాకా గడువు కావాలని స్టేట్ బ్యాంకు కోరింది. అంటే సార్వత్రిక ఎన్నికలు ముగిసేదాకా. కోర్టు ఒప్పుకోలేదు. బాండ్ల సంఖ్యలు బయటికి వచ్చిన మార్చి 21న విలేకరులు, విద్యార్థులు, స్వచ్ఛంద కార్యకర్తలు కూర్చుని ఆ జతకట్టే పనిని గంటలలో మొదలుపెట్టారు. ముక్కలు మనుషుల చేతిలో పడితే అవి కలుస్తాయి.

ఇక విలేకరి దగ్గరి ప్రతి సంగతి. 2023 అక్టోబరు 3న న్యూస్‌క్లిక్‌తో సంబంధమున్న పాత్రికేయుల ఇళ్లలో ఢిల్లీ పోలీసులు సోదాలు జరిపి ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు పట్టుకుపోయారు. హ్యాష్ విలువ ఇవ్వలేదని, నకలు ఇవ్వలేదని వారిలో పలువురు చెప్పారు. మరుసటి నెలలో సుప్రీంకోర్టు ఈ జప్తులకు మెరుగైన మార్గదర్శకాలు ఉండాలని ప్రభుత్వానికి చెప్పింది. వేలిముద్ర లేకుండా పరికరం తీసుకుపోతే ఏం జరగవచ్చునన్న భయం ఊహాజనితం కాదు. భీమా కోరెగావ్ కేసులో రోనా విల్సన్ కంప్యూటరులోకి లేఖలను బయటి నుంచి చొప్పించారని అమెరికాకు చెందిన ఆర్సెనల్ కన్సల్టింగ్ 2021లో నివేదిక ఇచ్చింది. మన వరవరరావు కూడా నిందితుడుగా జైలుకు వెళ్లిన కేసు అది. డిస్కు నుంచి మాయమయ్యేవి కొన్ని, అందులో మొలకెత్తేవి కొన్ని. రెండింటికీ మందు ఒకటే: వేరే చేతిలో ఉన్న మరో ప్రతి.

నా ఫైలు పునరుద్ధరణ ద్వారా దొరికిందన్న విషయాన్ని దాచకుండా రాసి ధ్రువపత్రం సంతకం చేశాను. మాస్టారు తన వీడియోకు తాను చేశారు. ఆ రెండింటితో నలభై కుటుంబాలు మళ్లీ దరఖాస్తు పెట్టుకున్నాయి. అది ఇంకా విచారణలోనే ఉంది. అనుకూలంగా తేలుతుందని చెప్పలేను. 'అలాంటి మాట ఎవరూ అనలేదు' అని మాత్రం ఆ గదిలో ఇక ఎవరూ అనలేరు.

దక్కిన ధ్వనిముద్రణలను ఇప్పుడు ఊళ్లవారీగా విడదీస్తున్నాను. ఏ ఊరి మాట ఆ ఊరికి, చిన్న పెన్‌డ్రైవులో, హ్యాష్ విలువ రాసిన కాగితంతో సహా పంపుతున్నాను. పేరు చెప్పవద్దన్నవారి మాటలను మాత్రం ఎవరికీ ఇవ్వను. అవి నా దగ్గర ఇంటి దగ్గరొకటి, ఊరి బయటొకటిగా తాళాల వెనుక ఉంటాయి. ఈ బ్లాగు చదివేవారిలో గ్రామసభలకు, బహిరంగ విచారణలకు, కౌన్సిల్ సమావేశాలకు వెళ్లేవారు చాలామంది ఉన్నారని తెలుసు. మీ ఫోనులో ఉన్న పద్నాలుగు నిమిషాలను పనికిరానివిగా తీసేయకండి. తేదీ, చోటు రాసి ఇంకొకరికి ఇవ్వండి. ఏదో ఒక రోజున ఎక్కడో ఒక అధికారి 'సదరు ఫైలు కనబడుటలేదు' అని రాస్తాడు. ఆ రోజున మీ ముక్క కోసం ఎవరో వెతుకుతుంటారు.